ఏడంకెల సంఖ్య ఎనిమిదంకెల సంఖ్యకంటే ఎందుకు గట్టిది? రెండు కాకతీయ గుడుల సంవత్సరాలతో ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: ఒక సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం ఎంత కష్టమో దాని పొడవు ఒక్కటే చెప్పదు. లోపల ఉన్న కారణాంకాలు ఎంత చిన్నవి, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయి, వేరే సంఖ్యలోనూ అవే ఉన్నాయా అన్నవి కూడా చూడాలి. వేయి స్తంభాల గుడి, రామప్ప గుడి సంవత్సరాలతో తయారయ్యే రెండు సంఖ్యలు ఈ తేడాను చూపుతాయి. బ్యాంకు లావాదేవీలను కాపాడే 617 అంకెల సంఖ్యల గురించి వచ్చే వార్తలను తూచడానికీ ఈ తేడాయే ఆధారం.

ఏదైనా పెద్ద సంఖ్యను ఇంటర్నెట్‌లో వెతికితే దాని లక్షణాల పట్టిక ఒకటి ఎదురవుతుంది. బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య, భాజకాలు ఇన్ని, వాటి మొత్తం ఇంత, రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు, ఇలా వరుసగా ఉంటాయి. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికి వీటిలో కొన్ని పరిచితమే. మిగతావి ఎందుకు లెక్కిస్తారన్నది మాత్రం గైడ్లలో సాధారణంగా దొరకదు. మరోవైపు, ఫలానా కంప్యూటర్ ఫలానా సంఖ్యను విడగొట్టింది కాబట్టి ఖాతాలకు ముప్పు వచ్చిందన్న వార్తలు అప్పుడప్పుడు కలవరపెడుతుంటాయి. ఈ రెండు అయోమయాలూ ఒకచోటే పుడుతున్నాయి: సంఖ్య ఎంత పెద్దదన్నదే చూసి, దాని నిర్మాణాన్ని చూడకపోవడం.

ఉదాహరణకు ఓరుగల్లు చరిత్రలోని సంవత్సరాలనే తీసుకోవచ్చు. హన్మకొండలో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి 1163 నాటిది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన రాస్తే 11631213 వస్తుంది. గుణిస్తే 1410719 వస్తుంది. మొదటిది కోటి దాటింది, రెండోది పద్నాలుగు లక్షల చిల్లర. విడగొట్టడానికి కూర్చుంటే మాత్రం కోటి దాటినదే ముందు లొంగుతుంది.

కోటి దాటినా నిలవని సంఖ్య

11631213లోని అంకెలన్నీ కూడితే 18. అందువల్ల 9తో నిశ్శేషంగా భాగించవచ్చు. 10ని 9తో భాగిస్తే శేషం 1, వందకూ వెయ్యికీ అంతే. కాబట్టి 9 దృష్టిలో ఒక సంఖ్యకూ దాని అంకెల మొత్తానికీ తేడా లేదు. ఇది ఆరో తరగతి పాఠమే.

7, 11, 13లకు విడివిడిగా సూత్రాలు బట్టీ పట్టడం పరిపాటి. నిజానికి ఆ శ్రమ అక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. వెయ్యి దానికి ఒకటి తక్కువ. కాబట్టి సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒక గుంపును కలుపుతూ తర్వాతి గుంపును తీసేస్తూ పోతే, మూడింటి శేషాలూ ఒకే లెక్కలో తేలిపోతాయి. లక్షలకూ కోట్లకూ మనం పెట్టే కామాలు ఇక్కడ పనికిరావు. గుంపులు 11, 631, 213. లెక్క 213 − 631 + 11 = −407. 407ను 11తో భాగిస్తే శేషం ఉండదు, 7తో భాగిస్తే 1, 13తో భాగిస్తే 4 మిగులుతాయి. అంటే 11 కారణాంకం, 7, 13 కావు. వరంగల్ పిన్ కోడ్ 506002కు ఇదే పద్ధతి వాడితే 2 − 506 = −504, అంటే 7 × 72; పిన్‌లో 7 దాగి ఉందని ఒక తీసివేతతోనే బయటపడుతుంది. దాని పూర్తి రూపం 2 × 7 × 47 × 769.

ఇక్కడ ఒక తొందరపాటుకు అవకాశం ఉంది. 407 అంటే 11 × 37 కాబట్టి 37 కూడా కారణాంకమేనని అనిపిస్తుంది. 1001లో 37 లేదు గనుక ఈ లెక్క 37 గురించి ఏమీ చెప్పదు. దానికి కావలసింది 999, అంటే 27 × 37. ఈసారి గుంపులను కలుపుతూ పోవాలి: 213 + 631 + 11 = 855. 37తో భాగిస్తే 4 మిగులుతుంది, 27తో భాగిస్తే 18 మిగులుతుంది. 37 లేదని, 3 సరిగ్గా రెండుసార్లే ఉందని ఒకే కూడిక చెప్పింది.

9తోనూ 11తోనూ భాగిస్తే మిగిలేది 117487. ఇందులో 17 పోతుంది, 6911 మిగులుతుంది. 6911 వర్గమూలం 83కు కాస్త పైన ఉంటుంది. 83 వరకు ఉన్న ఏ ప్రధాన సంఖ్యా దాన్ని భాగించదు. కాబట్టి అది ప్రధాన సంఖ్యే. మొత్తం రూపం 11631213 = 3² × 11 × 17 × 6911. 83 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 23 మాత్రమే. కోటి దాటిన సంఖ్య ఇరవై మూడు చిన్న సంఖ్యల ముందు నిలవలేకపోయింది. కాగితం, కలం ఉంటే అరగంట పని.

పట్టికలోని మిగతా వరుసలు

కారణాంకాలు దొరికాక పట్టికలోని మిగతా వరుసలన్నీ వాటి నుంచే వస్తాయి. ఏ సంఖ్యకైనా ప్రధాన కారణాంకాల రూపం ఒక్కటే ఉంటుందని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతుంది. పదో తరగతి వాస్తవ సంఖ్యల అధ్యాయంలో ఇది ఉంది. 3² × 11 × 17 × 6911 అన్నప్పుడు ఏ భాజకమైనా 3ను సున్నాసార్లో ఒకసారో రెండుసార్లో తీసుకుంటుంది, మిగతా మూడింటిలో ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదలవచ్చు. 3 × 2 × 2 × 2, మొత్తం 24 భాజకాలు. వాటి మొత్తం 13 × 12 × 18 × 6912, అంటే 1,94,08,896. అందులోంచి సంఖ్యనే తీసేస్తే మిగతా భాజకాల మొత్తం 77,77,683. ఇది అసలు సంఖ్య కంటే తక్కువ కాబట్టి న్యూన సంఖ్య అంటారు. వరుసగా నాలుగు ఏడులు కనిపించాయని ఎవరైనా సంబరపడవచ్చు గానీ అది పదాధార పద్ధతిలో రాసినందువల్ల కనిపించే అలంకారం, సంఖ్యకు సొంతమైన గుణం కాదు.

రెండు వర్గాల మొత్తం అన్న వరుస మరింత ఆసక్తికరమైనది. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు ఉంటే, ఆ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యం. 11, 6911 రెండూ ఆ కోవలోవే, ఒక్కోసారే ఉన్నాయి. కాబట్టి 11631213కు ఆ యోగం లేదు. 4తో భాగిస్తే దాని శేషం 1 కాబట్టి పైకి చూస్తే కుదురుతుందేమో అనిపిస్తుంది. లోపలి నిర్మాణమే అడ్డుపడుతోంది. గుడుల సంవత్సరాల్లోనూ ఈ తేడా ఉంది. 1213ను 22² + 27²గా రాయవచ్చు. 1163ను ఎలా రాసినా కుదరదు.

తనకంటే చిన్నవై, తనతో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేని సంఖ్యలు ఎన్ని అన్నది మరో వరుస. దీన్ని ఆయిలర్ ప్రమేయం అంటారు. 11631213కు దాని విలువ 66,33,600. పట్టికలో అలంకారంలా కనిపించే ఈ వరుస మీదే నేటి డిజిటల్ భద్రత చాలావరకు ఆధారపడి ఉంది.

గుణిస్తే ఏమైంది

1163, 1213 రెండూ ప్రధాన సంఖ్యలు. ఆ పరిసరాల్లో సుమారు ఏడు సంఖ్యలకు ఒకటి ప్రధానం కాబట్టి రెండూ అలా కుదరడం అరుదే, అద్భుతం కాదు. శాసనాల్లో ఉన్నవి శక సంవత్సరాలు: 1084, 1135. అవి 4 × 271, 5 × 227. గుడులు అవే, కాలమానం మారగానే ప్రధానత పోయింది. సంఖ్యాశాస్త్రం పేరిట జాతకాలు చెప్పేవారికి ఈ ఒక్క విషయం చాలు.

వాటి లబ్ధం 1410719. కారణాంకాలు తెలియనట్టు 2, 3, 5, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోతే ఏదీ పోదు. 1163 అన్నది 192వ ప్రధాన సంఖ్య. అంతకు ముందున్న 191 సంఖ్యలతో చేసిన భాగహారాలన్నీ వృథా. ఎనిమిదంకెల సంఖ్యకు 23 సరిపోతే ఏడంకెల సంఖ్యకు 192 కావలసివచ్చాయి. చిన్న కారణాంకాలు లేకపోవడమే దాని గట్టిదనం.

అయితే 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చూపిన దారిలో పోతే ఇదే సంఖ్య మొదటి అడుగులోనే విడిపోతుంది. రెండు బేసి సంఖ్యల లబ్ధం అంటే, వాటి సరాసరి వర్గంలోంచి వాటి తేడాలో సగాన్ని వర్గం చేసి తీసేస్తే వచ్చేదే. కాబట్టి సంఖ్య వర్గమూలానికి పైనున్న పూర్ణాంకంతో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి సంఖ్యను తీసేసి, మిగిలింది పరిపూర్ణ వర్గమా అని చూస్తూ పోవాలి. 1410719 వర్గమూలం 1187కు పైన, 1188కు లోపల ఉంది. 1188 వర్గం 1411344. తీసేస్తే మిగిలింది 625. అది 25 వర్గం. కారణాంకాలు 1188 − 25, 1188 + 25, అంటే 1163, 1213. రెండు గుడుల మధ్య దూరం యాభై ఏళ్లే కావడంతో 192 భాగహారాల పని ఒక తీసివేతతో ముగిసింది.

ఇది ఎప్పుడూ ఇలా జరగదు. 1213 స్థానంలో ఇందాకటి 6911ను పెట్టి చూడవచ్చు. 1163 × 6911 = 8037493. మామూలు భాగహారాలతో దీనికీ 192 ప్రయత్నాలే, ఎందుకంటే చిన్న కారణాంకం మారలేదు. ఫెర్మా దారిలో మాత్రం 2836 దగ్గర మొదలై సరాసరి 4037 వచ్చేదాకా ఒక్కొక్కటే చూడాలి: 1202 ప్రయత్నాలు. ఒక పద్ధతికి సులువైన సంఖ్య మరో పద్ధతికి కష్టం. అందుకే ఫలానా సంఖ్య కష్టమైనది అన్నప్పుడు ఏ పద్ధతికి అన్నది కూడా చెప్పాలి. అది చెప్పని వార్త సగం వార్తే.

దీని వెనకున్న సంగతి ఫోను తెరమీది తాళం గుర్తుకు సంబంధించినది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని అందరికీ తెలిసేలా ఉంచుతారు. దాని ఆయిలర్ ప్రమేయం విలువ తెలిస్తే సందేశాలను తెరిచే రహస్య కీ తయారవుతుంది. 1410719కు ఆ విలువ 1162 × 1212 = 1408344. ఇది బయటపడితే కారణాంకాలూ బయటపడినట్టే: 1410719 + 1 − 1408344 = 2376, అదే రెండు ప్రధాన సంఖ్యల మొత్తం, అందులో సగం మళ్లీ 1188. కాబట్టి ఆ విలువను దాచడం, కారణాంకాలను దాచడం ఒకే పని.

ఇప్పుడు విరివిగా వాడే 2048 బిట్ల కీలంటే (0, 1లతో రాస్తే 2048 స్థానాలు పట్టేవి) 617 అంకెల సంఖ్యలు. వాటిని తయారుచేసేటప్పుడు రెండు ప్రధాన సంఖ్యల తేడా 2⁹²⁴ కంటే ఎక్కువ ఉండాలని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ నియమం పెట్టింది. గుడుల లబ్ధానికి పట్టిన గతి పట్టకూడదనే ఆ నియమం. అయినా 2022లో కొన్ని ప్రింటర్లు తయారుచేసిన కీలలో రెండు ప్రధాన సంఖ్యలు దగ్గరదగ్గరగా ఉన్నట్టు తేలింది. పొడవు ప్రమాణానికి తగ్గట్టే ఉంది, తాళం మాత్రం ఫెర్మా కాలపు లెక్కతో ఊడిపోయింది.

ఉమ్మడి కారణాంకం తెచ్చే చేటు

మరో బలహీనత ఒక సంఖ్యను మాత్రమే చూస్తే కనబడదు. రుద్రమదేవి మరణాన్ని పేర్కొనే చందుపట్ల శాసనం 1289 నాటిది. అదీ ప్రధాన సంఖ్యే. 1163 × 1289 = 1499107. ఈ సంఖ్యనూ 1410719నూ పక్కన పెట్టి గ.సా.భా. కనుక్కుంటే ఎలా ఉంటుంది? యూక్లిడ్ భాగహార పద్ధతిలో మొదటి శేషం 88388, తర్వాత 84899, తర్వాత 3489, తర్వాత 1163, ఆపైన సున్నా. అయిదు భాగహారాల్లో రెండు సంఖ్యలూ ఒకేసారి విడిపోయాయి. ఏ కారణాంకాన్నీ ఊహించాల్సిన పని లేదు, ఏ ప్రధాన సంఖ్యల జాబితా అక్కర్లేదు. వందల అంకెల సంఖ్యలకు కూడా గ.సా.భా. క్షణాల్లో వస్తుంది.

2012లో ఇంటర్నెట్ నుంచి లక్షల కీలను సేకరించి పరిశోధకులు ఇదే చేసి చూశారు. వెయ్యింటికి రెండు చొప్పున కీలు ఏ రక్షణా ఇవ్వడం లేదని ఒక బృందం తేల్చింది. రూటర్ల వంటి చిన్న పరికరాలు మొదటిసారి ఆన్ కాగానే, తగినంత యాదృచ్ఛికత సమకూరకముందే కీలను తయారు చేసుకోవడం ముఖ్య కారణం. వేర్వేరు చోట్ల ఉన్న పరికరాలు ఒకే ప్రధాన సంఖ్యను ఎంచుకున్నాయి. ఒక్కో కీని విడిగా పరీక్షిస్తే లోపం దొరకదు.

ప్రధానమా కాదా అన్నది వేరే ప్రశ్న

సంఖ్య సంయుక్తమని తేల్చడానికి దాని కారణాంకాలు తెలియనక్కర్లేదు. కొత్తగా వినేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. 2⁶⁷ − 1 అన్న 21 అంకెల సంఖ్య ప్రధానం కాదని 1876లో ఫ్రెంచి గణితవేత్త లుకా రుజువు చేశాడు. దాని కారణాంకాలు ఏవో ఆయనకు తెలియవు. 1903లో అమెరికాలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ 193707721 × 761838257287 అని చూపేదాకా, అంటే ఇరవై ఏడేళ్లపాటు, అది విడిపోతుందని తెలిసినా ఎలా విడిపోతుందో తెలియని సంఖ్యగానే ఉండిపోయింది.

ఈ పరీక్షలు శేషాల ప్రవర్తన మీద ఆధారపడతాయి. సంఖ్య ప్రధానమైతే కొన్ని ఘాతాల శేషాలు తప్పనిసరిగా 1 కావాలి. కాకపోతే అది సంయుక్తం. తిరగేస్తే మాత్రం నమ్మకం లేదు. 341 అంటే 11 × 31, అయినా 2³⁴⁰ను 341తో భాగిస్తే శేషం 1 వచ్చి ప్రధానంలా నటిస్తుంది. ఇలాంటి మోసాలకు తావులేకుండా, ఏ సంఖ్యకైనా కచ్చితంగా, అంకెల సంఖ్యతో పోలిస్తే మితమైన కాలంలో తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. కారణాంకాలు కనుక్కోవడానికి మామూలు కంప్యూటర్లకు అలాంటి వేగవంతమైన పద్ధతి ఏదీ ఇప్పటిదాకా తెలియదు.

ఈ వ్యత్యాసం ఎంత పెద్దదో రెండు రికార్డులు చెబుతాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధానమని నిర్ధారణ అయింది; దానికి 4,10,24,320 అంకెలు. 2 ఘాతానికి ఒకటి తక్కువన్న ప్రత్యేక నిర్మాణం వల్లనే అంత పెద్ద సంఖ్యను పరీక్షించగలిగారు. ఏ ప్రత్యేకతా లేకుండా తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ సంఖ్యల్లో 2020లో విడగొట్టిన 829 బిట్ల సంఖ్యకు ఉన్నవి 250 అంకెలే. దానికి పట్టిన శ్రమ ఒక ప్రాసెసర్ కోర్ 2,700 ఏళ్లు పనిచేసినంత. ఒకవైపు నాలుగు కోట్లు, మరోవైపు రెండు వందల యాభై.

వార్తల్లోని 22 బిట్లు

2024 అక్టోబరులోనే చైనా పరిశోధకులు క్వాంటం యంత్రంతో (అణుస్థాయి భౌతిక సూత్రాలతో లెక్కించే కంప్యూటర్‌తో) సైనిక స్థాయి ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించారన్న శీర్షికలు ప్రపంచమంతా తిరిగాయి. అసలు పరిశోధనలో విడగొట్టినది 22 బిట్ల సంఖ్య. 22 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 41,94,303. రెండు గుడుల లబ్ధం 1410719 దానికంటే ఒక్క బిట్టే తక్కువ, 21 బిట్లు. ఆ స్థాయి సంఖ్యను విడగొట్టడానికి కాలిక్యులేటర్ చాలు. పద్ధతి పరంగా ఆ పరిశోధనకు విలువ ఉండవచ్చు. 2048 బిట్ల కీలకు దాని నుంచి వచ్చిన ముప్పు లేదు.

అలాగని క్వాంటం ప్రమాదం కల్పన కాదు. సమర్థమైన క్వాంటం కంప్యూటర్ ఉంటే కారణాంక విభజన వేగంగా జరుగుతుందని 1994లో పీటర్ షోర్ చూపారు. ఆయన పద్ధతి కారణాంకాలు చిన్నవా, దగ్గరవా అని చూడదు. ఘాతాల శేషాల వరుస ఎన్ని అడుగులకు పునరావృతమవుతుందో పట్టుకుంటుంది. కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలేవీ దాని ముందు పనిచేయవు. అడ్డంకి యంత్రమే. 2048 బిట్ల సంఖ్యకు రెండు కోట్ల క్యూబిట్లు (క్వాంటం యంత్రంలో బిట్ల వంటి మూల భాగాలు), ఎనిమిది గంటలు కావాలని 2019లో ఒక అంచనా. 2025లో అదే అంచనా పది లక్షల లోపు క్యూబిట్లకు, వారం లోపు సమయానికి దిగింది. ఇప్పటి యంత్రాలు దానికి చాలా దూరంలోనే ఉన్నా, అంచనా తగ్గిన వేగం పట్టించుకోదగినది.

అందుకే ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో కారణాంకాలతో సంబంధం లేని కొత్త ప్రమాణాలను మూడింటిని విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో వెలువడిన ముసాయిదా, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ వాడకాన్ని 2030 తర్వాత తగ్గించాలని, 2035 తర్వాత పూర్తిగా ఆపాలని ప్రతిపాదించింది. మార్పు ప్రభావం అందరి మీదా ఒకేలా ఉండదు. నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీని పదేళ్ల తర్వాత ఛేదించినా ఎవరికీ లాభం లేదు. ఈ రోజు ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన వైద్య రికార్డులు, ఒప్పంద పత్రాలు వేరు: వాటిని ఇప్పుడే సేకరించి పెట్టుకుని, యంత్రం వచ్చాక తెరవవచ్చు. ఎంతకాలం రహస్యంగా ఉండాల్సిన సమాచారమో దాన్ని బట్టే ఏ సంస్థ ముందు మారాలన్నది తేలుతుంది.